మొక్క పగలు శ్వాసించదా? జీవక్రియల మీద మీ అమ్మాయి అడిగిన ప్రశ్నకి జవాబు

నమస్కారమండి. మీరు అడిగిందాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను. మీ అమ్మాయి పదో తరగతి. జీవశాస్త్రంలో పోషణ, శ్వాసక్రియ, రవాణా, విసర్జన, నియంత్రణ, ప్రత్యుత్పత్తి అని ఒక్కో పాఠం విడిగా ఉంది. "మొక్క పగలు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి పీల్చుకుంటుంది అంటున్నారు కదా, అయితే పగలు దానికి శ్వాసే ఉండదా? చెట్టు కదలదు, విసర్జించదు, మరి మనకీ దానికీ ఉమ్మడిగా ఉన్నదేంటి?" అని అడిగిందట. పాలకొల్లు దగ్గర మీకు చేపల చెరువులున్నాయి కాబట్టి కళ్లముందు కనిపించేవాటితోనే చెప్పమన్నారు.

నేను కోనసీమలో హైస్కూలు పిల్లలకి జీవశాస్త్రం చెప్పినవాణ్ణి. మా ఇంట్లోనూ కాస్త వరి, కాస్త చెరువు ఉన్నాయి. పాప అడిగింది చాలా మంచి ప్రశ్న. దానికి సరిగ్గా జవాబు తెలిస్తే ఆరు పాఠాలూ ఒక్కటైపోతాయి.

ముందు అసలు సంగతి. బతికున్న ప్రతి కణానికీ ప్రతి క్షణం శక్తి కావాలి. పెరగడానికో పరిగెత్తడానికో మాత్రమే కాదు, ఉన్నది ఉన్నట్టు నిలబడడానికే కావాలి. కణం పొర లోపల ఒక రకం లవణాలు, బయట ఇంకో రకం ఉంటాయి. ఆ తేడాని కాపాడుకోవడానికి కణం నిరంతరం పనిచేస్తూనే ఉండాలి. పాడైన ప్రోటీన్లు తీసేసి కొత్తవి కట్టుకోవాలి. ఈ పని ఆగిపోతే కణం కుళ్లిపోవడం మొదలవుతుంది. ఆ శక్తిని ఆహారంలోంచి విడదీసే పనే శ్వాసక్రియ. దాన్ని మధ్యలో పెట్టుకోండి. దానికి సరుకు తెచ్చేది పోషణ. ఆ సరుకునీ ఆక్సిజన్‌నీ మూలమూలకీ చేర్చేది రవాణా. మిగిలిపోయిన మురికిని బయటికి పంపేది విసర్జన. బయట ఎండ మారినా, ఉప్పు మారినా లోపల ఈ పని చెడకుండా చూసేది నియంత్రణ. ఖర్చులు పోగా మిగిలిన దాంతో జరిగేవి పెరుగుదల, ప్రత్యుత్పత్తి. నా దృష్టిలో పాఠాలు చెప్పవలసిన వరస ఇదే. పుస్తకం పోషణతో మొదలుపెట్టడం వల్ల పిల్లలకి శ్వాసక్రియ అంటే ముక్కు, ఊపిరితిత్తుల గొడవగా మిగిలిపోతోంది.

ఊపిరి తీయడం వేరు, శ్వాసక్రియ వేరు. ఊపిరి తీయడం అంటే గాలిని లోపలికీ బయటికీ ఆడించడం. అది కొన్ని జంతువులకే ఉంది. శ్వాసక్రియ కణం లోపల, ఎక్కువగా మైటోకాండ్రియా అనే చిన్న భాగాల్లో జరుగుతుంది. అది మీకూ, మీ చెరువులో బొచ్చె చేపకీ, గట్టుమీద కొబ్బరిచెట్టుకీ, నీటిని పచ్చగా చేసే శైవలానికీ ఉంది. ఆకులోని కణంలో ఎండతో ఆహారం తయారుచేసే హరితరేణువులూ ఉంటాయి, మైటోకాండ్రియా కూడా ఉంటాయి. ఈ సంగతి పాపకి గట్టిగా చెప్పండి. చాలామంది పెద్దవాళ్లకి కూడా ఇది తెలియదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. మొక్క పగలూ రాత్రీ ఆగకుండా శ్వాసిస్తుంది. పగలు ఎండలో కిరణజన్య సంయోగక్రియ, అంటే ఎండతో ఆహారం తయారుచేసుకుంటూ ఆక్సిజన్ వదిలే పని కూడా నడుస్తుంది. ఆ పని శ్వాసక్రియ కంటే చాలా రెట్లు జోరుగా సాగుతుంది కాబట్టి, శ్వాసకి వాడుకోగా మిగిలిన ఆక్సిజన్ బయటికి వస్తుంది. మనకి కనిపించేది ఆ మిగులే. రాత్రి తయారీ ఆగుతుంది, వాడకం ఆగదు. అంతే తేడా. దీన్ని మొదట స్పష్టంగా చూపించినవాడు యాన్ ఇంగెన్‌హౌజ్ అనే డచ్ వైద్యుడు. 1779లో అచ్చువేసిన ప్రయోగాల్లో ఆయన మొక్కల్ని నీళ్లలో ముంచి, ఎండలో పెడితే ఆకుపచ్చని భాగాల నుంచి బుడగలు వస్తాయనీ, చీకట్లో పెడితే అవే మొక్కలు గాలిని చెడగొడతాయనీ చూపించాడు. మీ కాలవలోని నాచుని గాజుగ్లాసులో వేసి మధ్యాహ్నం ఎండలో పెడితే ఆ బుడగలు మీకూ కనిపిస్తాయి.

ఇక మీ చెరువు. పుస్తకంలో రెండు లైన్లలో ఉన్న ఈ విషయం డెల్టాలో లక్షల రూపాయల వ్యవహారం.

ఒక లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. 30 డిగ్రీల వేడి ఉన్న మంచినీళ్లు గాలి నుంచి పూర్తిగా పీల్చుకున్నా, లీటరులో ఏడున్నర మిల్లీగ్రాములకి మించి నిలబడదు. చేప బతికేది ఆ ఏడున్నర మీద. నీళ్లు వేడెక్కినా ఉప్పెక్కినా అది ఇంకా తగ్గుతుంది. మధ్యాహ్నం ఎండలో ప్లాంక్టన్, అంటే నీటిలో తేలే సన్నని శైవలాలు, తయారుచేసే ఆక్సిజన్ వల్ల పచ్చగా రంగు పట్టిన చెరువులో డీవో (నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్) ఈ హద్దు దాటి పది, పన్నెండు దాకా కూడా పోవచ్చు. మూడు, నాలుగు గంటలప్పుడు అది గరిష్ఠం. పొద్దుగూకాక తయారీ ఆగిపోతుంది. అప్పటినుంచి చేపలు, ప్లాంక్టన్, అడుగు బురదలోని బ్యాక్టీరియా అన్నీ కలిసి ఉన్నది వాడుకుంటూ పోతాయి. ఇక్కడ చాలామంది అనుకోని విషయం ఒకటుంది. రాత్రిపూట చెరువులో ఆక్సిజన్ ఎక్కువగా తినేది సాధారణంగా చేపలు కాదు, ప్లాంక్టనూ బ్యాక్టీరియానే. సూర్యోదయం వేళకి డీవో అన్నిటికంటే తక్కువకి పడుతుంది. మూడు కంటే కిందికి పోతే చేపలు నీళ్ల మీదకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. గాలిని తాకే ఆ పైపొరలోనే కాస్త ఆక్సిజన్ మిగిలి ఉంటుంది.

అందుకే "నీళ్లు ఎంత పచ్చగా ఉంటే అంత ఆక్సిజన్" అనుకునే రైతు నష్టపోతాడు. పచ్చదనం మరీ ఎక్కువైతే రాత్రి వాడకం కూడా అంతే ఎక్కువ. ముసురు పట్టి రెండు మూడు రోజులు ఎండ రాకపోతే పగటి సంపాదన తగ్గుతుంది, రాత్రి ఖర్చు మాత్రం తగ్గదు. ప్లాంక్టన్ ఒక్కసారి చచ్చిపోతే ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఆ శవాల్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియా కూడా శ్వాసిస్తుంది. మబ్బు రోజుల్లో మేత తగ్గించమని అనుభవం ఉన్న రైతులు చెప్పేది కూడా ఇందుకే. తిన్నది అరిగించుకోవడానికి చేపకి మామూలు కంటే ఎక్కువ ఆక్సిజన్ కావాలి, అరగని మేత అడుగున కుళ్లి ఇంకొంత లాగేస్తుంది. నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్ అర్ధరాత్రి దాటాక ఎందుకు తిరగాలో మీ అమ్మాయి ఇప్పుడు తనే చెప్పగలదు.

కొరమీను సంగతి వేరు. దానికి మొప్పలున్నా అవి చాలవు. తల లోపల గాలిని పట్టే ప్రత్యేకమైన అర ఉంది. నీటిపైకి రానివ్వకుండా వల కింద అదిమి ఉంచితే, కొరమీను నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. మురికి గుంటల్లో, ఎండిపోతున్న మడుగుల్లో అది బతకగలగడానికి కారణం ఇదే.

ఇంతకీ కణం ఆ ఆక్సిజన్‌తో ఏం చేస్తుంది? గ్లూకోజ్‌ని మెట్లు మెట్లుగా విడగొట్టి, వచ్చిన శక్తిని ఏటీపీ అనే చిన్న అణువులో పెడుతుంది. కండరం ముడుచుకోవాలన్నా, వేరు లవణాన్ని లాగాలన్నా, నాడి కబురు పంపాలన్నా ఖర్చయ్యేది ఎక్కువగా ఏటీపీనే. బ్యాక్టీరియా నుంచి మనిషి దాకా అన్నిటికీ ఇదే చెల్లుతుంది. పాప అడిగిన "ఉమ్మడిగా ఉన్నదేంటి" అన్నదానికి ఒకే మాటలో జవాబు కావాలంటే నేను ఏటీపీ పేరే చెబుతాను.

ఇక్కడ మన గోదావరి జిల్లాల పిల్లలందరికీ తెలియాల్సిన పేరు ఒకటుంది. ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో, మద్రాసులో చదివి అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలో ఉండే ఫాస్ఫరస్ పదార్థాల మీద పనిచేశారు. కండరం తక్షణ అవసరానికి వాడుకునే ఫాస్ఫోక్రియాటిన్‌ని 1927లో బయటపెట్టారు. 1929లో వాళ్లిద్దరూ అమెరికాలోనూ, కార్ల్ లోమన్ జర్మనీలోనూ, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా కండరంలోంచి ఏటీపీని వేరుచేశారు. మీ చెరువులో చేప తోక ఆడించడానికి వాడే అణువుని గుర్తించినవాళ్లలో ఒకరు మీ పక్క ఊరివారు. పాఠ్యపుస్తకంలో ఏటీపీ అన్న మూడక్షరాల దగ్గర ఈ సంగతి చెబితే పిల్లల ముఖాలు వెలుగుతాయి. నేను ప్రతి ఏడాదీ చెప్పేవాణ్ణి.

ఏటీపీని కణం నిలవ చేసుకోలేదు. అది రోజుకూలీ లాంటిది, ఏ పూటకి ఆ పూట సంపాదించాలి. పెద్దమనిషి ఒంట్లో ఒక రోజులో తయారై ఖర్చయ్యే ఏటీపీ అంతా కలిపితే దాదాపు అతని బరువంత ఉంటుందని లెక్క. కానీ ఏ క్షణంలో చూసినా ఒంట్లో ఉండేది చాలా కొద్ది. అదే మళ్లీ మళ్లీ తయారవుతూ ఉంటుంది. ఊపిరి కొద్ది నిమిషాలు ఆగితే ప్రాణం ఎందుకు పోతుందో, తిండి లేకుండా రోజుల తరబడి ఎలా ఉండగలమో దీన్నిబట్టి తెలుస్తుంది. కొవ్వు, పిండి నిలవ ఉంటాయి. ఆక్సిజన్, ఏటీపీ ఉండవు.

ఆక్సిజన్ లేకపోయినా కొంత నడుస్తుంది. కల్లుముంతలో పొంగే నురగ ఈస్ట్ వదిలిన కార్బన్ డయాక్సైడ్. గ్లూకోజ్‌ని సగంలోనే విడగొట్టి ఆల్కహాల్‌గా వదిలేస్తుంది కాబట్టి ఈస్ట్‌కి ఒక్కో గ్లూకోజ్ అణువు నుంచి రెండు ఏటీపీలే మిగులుతాయి. ఆక్సిజన్‌తో పూర్తిగా విడగొడితే సుమారు 30 వస్తాయి. ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాస్తే, కదిలే పెద్ద జంతువులన్నిటికీ ఆక్సిజన్ ఎందుకంత అవసరమో పాపకి అర్థమవుతుంది.

శ్వాసక్రియని చేత్తో తాకి చూడాలంటే దమ్ము చేలో వెదజల్లడానికి వడ్లు మండె కట్టినప్పుడు చూపించండి. నానబెట్టిన వడ్లని గోనెలో మండె కట్టాక, మర్నాడు లోపలికి చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుంది. నిప్పు లేదు, ఎండ లేదు. మొలకెత్తే ప్రతి గింజా పిండిని కరిగించి శ్వాసిస్తోంది, ఏటీపీలోకి పోని శక్తి వేడిగా బయటికి వస్తోంది. మండె మందంగా కట్టి కదపకుండా వదిలేస్తే ఆ వేడికే మొలక చచ్చిపోతుంది. అందుకే మధ్యలో నీళ్లు చల్లి తిరగేస్తారు. గాదెలో ఎండిన వడ్లు కూడా శ్వాసిస్తాయి, కాకపోతే చాలా నెమ్మదిగా. చెమ్మ తగిలితే వేగం పెరుగుతుంది. ధాన్యం ఎండబెట్టాలని అంత పట్టుబట్టేది దీనికే.

డెల్టాలో మొక్కలకి అసలు కష్టం వేళ్ల దగ్గర. మట్టి నిండా నీళ్లుంటే వేరుకి ఆక్సిజన్ అందదు. వరి దీనికి తన దారి చూసుకుంది. ఆకు నుంచి కాండం మీదుగా వేళ్ల దాకా గాలి గొట్టాల్లాంటి ఖాళీలు ఉంటాయి, పైన గాలి కిందికి దిగుతుంది. వరి దంటుని అడ్డంగా కోస్తే ఆ బొరియలు కంటికే కనిపిస్తాయి. కోరింగ మడ అడవిలో చెక్క బాట మీద నడిచేటప్పుడు బురదలోంచి పెన్సిళ్లలా నిటారుగా లేచిన వేళ్లు చూశారా? మడ చెట్ల శ్వాస వేళ్లు అవి. పోటు తగ్గినప్పుడు వాటి మీది సన్నని రంధ్రాల్లోంచి గాలి పీల్చుకుంటాయి. చెట్టుకి శ్వాస లేదనేవాళ్లని అక్కడికి తీసుకెళ్లి ఆ వేళ్లు చూపించాలి.

ఇక మొక్క మొత్తం మునిగిపోతే? వరద నీళ్లలో మునిగిన వరి మామూలుగా పొడుగు సాగి తల బయటపెట్టాలని చూస్తుంది. ఆ ప్రయత్నంలో ఉన్న చక్కెరంతా ఖర్చయిపోయి, నీళ్లు తీశాక పడిపోతుంది. ఒడిశాకి చెందిన ఎఫ్‌ఆర్ 13ఎ అనే వరి మాత్రం దీనికి భిన్నం. మునిగినప్పుడు ఎదుగుదల ఆపేసి, చక్కెర దాచుకుని, రెండు వారాల దాకా ఓర్చుకుంటుంది. అందుకు కారణమైన సబ్1ఎ అనే జన్యువుని 2006లో గుర్తించారు. దాన్ని స్వర్ణలోకి సంకరం ద్వారా తెచ్చి తయారుచేసిన స్వర్ణ సబ్1 రకం 2009లో మన దేశంలో విడుదలైంది. మూలమైన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, మన మారుటేరు పరిశోధన కేంద్రంలో పుట్టింది. 1982లో విడుదలైంది. పెరుగుదల, శ్వాసక్రియ, నిలవ ఆహారం, పరిసరాలకి స్పందించడం, ఇవన్నీ ఒకే మొక్కలో ఎలా ముడిపడి ఉంటాయో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

పోషణ గురించి ఎక్కువ చెప్పను, పుస్తకంలో బాగానే ఉంది. ఒక్కటి మాత్రం చూపించండి. మొలకెత్తిన కొబ్బరికాయ కొడితే లోపల కొబ్బరి పువ్వు ఉంటుంది కదా, మనం తియ్యగా తినేస్తాం. అది పిల్లమొక్క తాలూకు పీల్చుకునే అవయవం. చిప్పకి అంటిన కొబ్బరిని కరిగించి, కొవ్వుని చక్కెరగా మార్చి, కన్నులోంచి బయటికి వచ్చిన మొలకకి పంపుతుంది. ఆకులు పచ్చబడ్డాక కూడా చాలా నెలలు మొక్క రెండు రకాలుగానూ బతుకుతుంది, ఎండతో తయారుచేసుకున్నదీ తింటుంది, తల్లి పెట్టిందీ తింటుంది. స్వయంపోషకం, పరపోషకం అని మనం గీసే గీత అంత కచ్చితమైనది కాదని దీంతో తెలుస్తుంది.

రవాణా ఎందుకు కావాలి? ఒంటికణపు ప్లాంక్టన్‌కి గుండె అక్కర్లేదు. ఆక్సిజన్ దాని పొర దాటి తనంతట తనే లోపలికి వ్యాపిస్తుంది, దూరం చాలా తక్కువ. దూరం పెరిగితే వ్యాపనం విపరీతంగా నెమ్మదిస్తుంది. శరీరం పెద్దదైతే మోసుకెళ్లే ఏర్పాటు తప్పదు. చేపకి రెండు గదుల గుండె, మనకి నాలుగు. రొయ్యకి రక్తం నాళాల్లోంచి ఖాళీల్లోకి పారి, అవయవాల్ని నేరుగా తడుపుతుంది. దాని రక్తంలో ఇనుముకి బదులు రాగి ఉన్న హీమోసయనిన్ ఉంటుంది కాబట్టి ఎర్రగా ఉండదు, ఆక్సిజన్ పట్టినప్పుడు లేత నీలంగా ఉంటుంది. కొబ్బరిచెట్టుకి పంపే లేదు. ఆకుల్లోంచి ఆవిరయ్యే నీరు వెనకున్న నీటిని లాగుతుంది. ఆ లాగుడు నీటిని మోసే దారునాళాల్లోని సన్నని నీటి తీగల గుండా వేళ్ల దాకా అందుతుంది. 20 మీటర్ల ఎత్తుకి నీరు ఇలాగే వెళ్తుంది, దానికి చెట్టు ఏటీపీ ఖర్చుపెట్టదు, ఎండే ఆ పని చేస్తుంది. వేళ్లు పీల్చిన నీటిలో 95 శాతానికి పైగా ఇలా ఆవిరైపోతుంది. చక్కెరని ఆకు నుంచి కిందికి పంపడానికి మాత్రం చెట్టు శక్తి ఖర్చుపెట్టాలి.

విసర్జన దగ్గర మళ్లీ చెరువుకి రావాలి. ప్రోటీను విరిగితే అమ్మోనియా పుడుతుంది. అది విషం. చేప చుట్టూ నీళ్లుంటాయి కాబట్టి మొప్పల్లోంచి నేరుగా వదిలేస్తుంది. మనకి అన్ని నీళ్లు లేవు, అందుకని కాలేయం దాన్ని తక్కువ విషమైన యూరియాగా మారుస్తుంది. మూత్రపిండాలు రోజుకి సుమారు 180 లీటర్లు వడకట్టి, దాదాపు అంతా తిరిగి పీల్చుకుని, లీటరున్నర బయటికి పంపుతాయి. పక్షి ఇంకా పొదుపు. యూరికామ్లంగా మార్చి, దాదాపు నీళ్లు లేకుండా వదులుతుంది. చెరువుగట్టు మీద కొంగ రెట్టలోని తెల్లదనం అదే.

చెరువులో చిక్కేమిటంటే చేప వదిలిన అమ్మోనియా చేప చుట్టూనే ఉంటుంది. దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఉంది, కానీ దానికీ ఆక్సిజన్ కావాలి. ఇంకో ముడి కూడా ఉంది. మధ్యాహ్నం ప్లాంక్టన్ కార్బన్ డయాక్సైడ్‌ని లాగేయడం వల్ల పీహెచ్, అంటే నీటి క్షారగుణం, పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర మంచినీళ్లలో పీహెచ్ 8 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపం ఏడెనిమిది శాతమే. అదే 9కి వెళ్తే దాదాపు 45 శాతం. అంటే చేప విసర్జన వల్ల వచ్చే ప్రమాదాన్ని శైవలాల పోషణ నిర్ణయిస్తోంది. తెల్లవారుజామున ఆక్సిజన్ టెన్షన్, మధ్యాహ్నం అమ్మోనియా టెన్షన్. రెండూ ఒకే పచ్చదనం నుంచి వచ్చినవే.

మొక్క విసర్జించదా? మూత్రపిండాలు లేవు గానీ విసర్జన ఉంది. పగలు వదిలే ఆక్సిజన్ కిరణజన్య సంయోగక్రియలో మిగిలిన వ్యర్థమే, రాత్రి వదిలేది కార్బన్ డయాక్సైడ్. తుమ్మ జిగురు, రాలే ఆకులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. మడ చెట్టు అదనపు ఉప్పుని ఆకుల మీదకి నెట్టేస్తుంది, ఎండవేళ ఆకు నాకితే ఉప్పగా ఉంటుంది. కంద గొంతు దురదపెట్టడానికి కారణం అందులో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. వీటిని పుస్తకాలు నిలవ ఉంచిన వ్యర్థాలుగా చెబుతాయి, కానీ తినడానికి వచ్చే పశువుల నుంచి దుంపకి అవి రక్షణ కూడా. కంద బచ్చలి కూరలో చింతపండు పులుపు పడేది ఆ దురద తగ్గడానికే.

నియంత్రణకి పులసని మించిన ఉదాహరణ లేదు. సముద్రంలో ఉన్నప్పుడు దాని ఒంట్లో కంటే బయట ఉప్పు ఎక్కువ, ఒంట్లోని నీరు బయటికి పోతూ ఉంటుంది. అందుకని సముద్రపు నీళ్లు తాగుతుంది, ఉప్పుని మొప్పల్లోంచి బయటికి నెడుతుంది. వరదల కాలంలో గుడ్లు పెట్టడానికి గోదావరికి ఎదురెక్కగానే అంతా తలకిందులు. ఇప్పుడు నీరు లోపలికి చొరబడుతుంది, ఉప్పు బయటికి పోతుంది. అదే మొప్పలు ఇప్పుడు ఉప్పుని లోపలికి లాగాలి, మూత్రపిండాలు పలచని మూత్రాన్ని ధారాళంగా వదలాలి. ఈ మార్పులన్నిటికీ ఏటీపీ ఖర్చవుతుంది, ఎదురీతకి అయ్యే ఖర్చు దీనికి అదనం.

చెట్టు కదలదనేది సగం నిజం. చోటు మారదు, కానీ స్పందిస్తుంది. కాలవగట్టు మీది కొబ్బరి నీటివైపు వంగేది అటు వెలుతురు ఎక్కువ కాబట్టి. అత్తిపత్తి ఆకు తాకగానే ముడుచుకునేది, ఆకు మొదట్లోని కణాల్లోంచి నీరు ఒక్కసారి బయటికి పోవడం వల్ల. కండరం లేకుండానే కదలిక.

పెరుగుదలకి కొబ్బరి మొవ్వు చూపించండి. చెట్టు పైకి పెరిగే చోటు అదొక్కటే. కొమ్ము పురుగు తినేసి మొవ్వు కుళ్లితే చెట్టు పోయినట్టే. మానుకి మేకు దిగితే ఆ గాయం పూడదు, మామిడికి ఉన్నట్టు బెరడు కింద కొత్త కణాలు పుట్టించే పొర కొబ్బరికి లేదు.

ప్రత్యుత్పత్తి మిగతావాటితో ఒకే గట్టున పెట్టాల్సింది కాదు. శ్వాస ఆగితే ప్రాణి చస్తుంది. పిల్లల్ని కనకపోతే చావదు. అది జాతికి కావాలి, ఒక్కో ప్రాణికి కాదు. పరీక్షలో ఈ తేడా రాసిన పిల్లకి నేను పూర్తి మార్కులు వేసేవాణ్ణి. మీ పెరట్లో అరటి పిలకలతోనే పెరుగుతోంది, కడియం నర్సరీల్లో అంట్లు కట్టి వేలకి వేలు మొక్కలు చేస్తున్నారు. తల్లి గుణాలే వస్తాయి కాబట్టి వ్యాపారానికి మంచిది, తెగులు వస్తే అన్నిటికీ ఒకేలా వస్తుంది కాబట్టి ప్రమాదం. విత్తనం ద్వారా వచ్చేవాటిలో తేడాలుంటాయి. కోరింగలో ఉప్పు పొన్న విత్తనం తల్లిచెట్టు మీదే మొలకెత్తి, పొడుగాటి మొలకగా వేలాడి, బురదలోకి దిగుతుంది. ఉప్పు నీళ్లలో విత్తనంగా మొలవడం కష్టం, మొలకగా దిగడం తేలిక.

పాప తప్పకుండా వైరస్ గురించి అడుగుతుంది, సిద్ధంగా ఉండండి. 1990ల మధ్యలో కోస్తాలో టైగర్ రొయ్యని తుడిచిపెట్టిన వైట్ స్పాట్ వైరస్‌ని తీసుకోండి. నీళ్లలో తేలుతున్నప్పుడు అది తినదు, శ్వాసించదు, ఏటీపీ తయారుచేయదు, పెరగదు. రొయ్య కణంలోకి దూరాక ఆ కణం ఏటీపీతో, ఆ కణం పరికరాలతోనే తన నకళ్లు తీయించుకుంటుంది. సొంత జీవక్రియలు లేవు కాబట్టే దాన్ని జీవుల వరసలో పెట్టడానికి శాస్త్రజ్ఞులు వెనకాడతారు. పుస్తకం "సజీవ, నిర్జీవాల మధ్య" అంటే అర్థం ఇదేనని చెప్పండి.

ఇక చేయించాల్సిన పని. డీవో మీటర్ గానీ టెస్ట్ కిట్ గానీ మీ దగ్గర ఉండే ఉంటుంది. మబ్బు లేని రోజు చూసుకుని, ఉదయం ఆరు నుంచి మర్నాడు ఉదయం ఎనిమిది దాకా రెండు మూడు గంటలకోసారి ఒకే చోట, ఒకే లోతులో డీవో తీసి, గ్రాఫ్ కాగితం మీద గీయించండి. రాత్రివేళ గట్టు మీదకి పాపని ఒంటరిగా పంపకండి, మీరూ వెళ్లండి. గీత పైకి ఎక్కుతున్నంతసేపూ చెరువులో కిరణజన్య సంయోగక్రియ శ్వాసక్రియని మించి ఉంది. దిగుతున్నంతసేపూ శ్వాసక్రియదే పైచేయి. గాలితో జరిగే కొద్దిపాటి ఇచ్చిపుచ్చుకోవడాన్ని పక్కన పెడితే, ఎక్కే గీత దిగడం మొదలైన చోటా, దిగే గీత ఎక్కడం మొదలైన చోటా ఆ రెండూ సరిసమానం. ఆ రెండు మలుపులూ ఏ గంటల్లో పడ్డాయో పాపనే గుర్తు పెట్టమనండి. ఏరియేటర్ తిరిగే చెరువులో గీత చదునుగా వచ్చి ఏమీ తెలియదు, కాబట్టి ఏరియేటర్ లేని చేపల చెరువునే ఎంచుకోండి. మలుపులు అర్థం కాకపోతే అంకెలు ఇక్కడ రాయండి, కలిసి చూద్దాం.